ఒకే పాట, పదకొండు పేర్లు

భూమయ్య కమాను పోయిన రోజు కుమార్ బస్సు అద్దంలా మెరిసింది.

ఒమన్‌లో ఘాలా లేబర్ క్యాంపు నుంచి సైట్లకు కూలీలను తిప్పే కంపెనీ బస్సు అది, కుమార్ దాని డ్రైవరు. వెనక సీటు కింద వెంట్రుకలు కట్టిన వంపు కర్ర కనిపిస్తే, ఎవరో దుమ్ము దులిపే కుంచె మరిచిపోయారనుకున్నాడు కుమార్. దానితో ఏసీ సందుల్లోని ఇసుకంతా దులిపాడు. వెంట్రుకలు ఊడిపోగానే చెత్త డ్రమ్ములో పడేశాడు.

అది భూమయ్య బస్సులో మరిచిపోయిన ఫిడేలు కమాను అని సాయంత్రానికి గానీ తెలియలేదు.

భూమయ్య కంపెనీ ఆఫీసు ఊడుస్తాడు. ఉట్నూరు వైపు మనిషి. తాతల నాటి మూడు తీగల ఫిడేలును లుంగీలో చుట్టుకుని ఒమన్ వచ్చాడు.

"గుర్రం తోక కొడుకా అది. నువ్వు చీపురు జేసినవు," అని నవ్వాడు.

ఆ నవ్వుకే కుమార్ కుంగిపోయాడు. బర్కాలో గుర్రాల శాల ఉందనీ, శుక్రవారం తోక వెంట్రుకలు తెచ్చి తానే కొత్త కమాను కడతాననీ మాటిచ్చాడు.

ఆ ఫిడేలంటే క్యాంపులో అందరికీ ఇష్టమే. భూమయ్యకు వచ్చింది ఒక్కటే పాట. ఏ రెండు మూడు నెలలకో ఒక సాయంత్రం నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని వాయించేవాడు. పేరడిగితే మాత్రం ప్రతిసారీ కొత్త పేరు చెప్పేవాడు. ఒకసారి గంగారాం పాట. ఇంకోసారి రఫీకుల్ పాట.

"పాట ఒక్కటే గదా కాకా, గిన్ని పేర్లేంది?" అని అడిగాడు కుమార్.

"ఎవల పాట వాళ్లదే బిడ్డా."

కుమార్ సరదాకి ఆ పేర్లను తేదీలతో బస్సు లాగ్‌బుక్ చివరి పేజీలో రాసుకునేవాడు. పదకొండు అయ్యాయి.

మొదటి శుక్రవారం ఓవర్‌టైం ట్రిప్పు పడింది. రెండో శుక్రవారం ఒళ్లు బద్ధకించింది. ఆ వారంలోనే భూమయ్య బస్సు దగ్గరికి వచ్చాడు.

"ఈ శుక్రారమన్న తెస్తవా కొడుకా? నర్సింగ్ పాట ఆగి ఉన్నది."

"ఎవలు కాకా ఆ నర్సింగు? పాట గావాలని ఫర్మాయిష్ వెట్టిండా?"

"వెట్టలే బిడ్డా," అన్నాడు భూమయ్య. ఈసారి నవ్వలేదు.

మూడో శుక్రవారం కుమార్ బర్కా వెళ్లాడు. శాల కాపరి ఇచ్చిన తెల్ల వెంట్రుకలతో కమాను కట్టుకుని తిరిగొచ్చేసరికి భూమయ్య రూమ్ ముందు జనం గుమిగూడి ఉన్నారు. మధ్యాహ్నం కునుకు తీసినవాడు మళ్లీ లేవలేదు.

ఆదివారం అతని బతాకా, అంటే గుర్తింపు కార్డు, ఇవ్వడానికి కుమార్ ఆఫీసుకు వెళ్లాడు. కాగితాలు చూసే కడప ఖాదర్‌వలి ఒక ఫైలు తెరిచాడు. కంపెనీ సైట్లలో చనిపోయి, పెట్టెల్లో ఊరికి వెళ్లినవాళ్ల ఫైలు.

దుక్మ్ సైటు, గంగారాం. సలాలా సైటు, రఫీకుల్.

కుమార్ బస్సులోంచి లాగ్‌బుక్ తెచ్చి పక్కన పెట్టి చూశాడు. పదకొండు పేర్లూ అవే. తేదీలూ తన లాగ్‌బుక్కులోవే. వాటి కింద పన్నెండో పేరు నర్సింగ్.

"సైటు నుంచి సావు ఫోనొచ్చిన రోజు భూమయ్య పేరొక్కటే అడుగుతాండె," అన్నాడు ఖాదర్‌వలి. "మా ఊర్లో సచ్చినోళ్లనెవుర్నీ మా ఇంటోళ్లు వాయించకుండా సాగనంపరు, ఈడ వీళ్లకెవురుండారు, అంటాండె."

కుమార్ బస్సులో కూర్చుని, చివరి పేజీలో పదకొండు పేర్ల కింద ఇంకో రెండు రాశాడు.

నర్సింగ్ పాట. భూమయ్య పాట.

కమాను సిద్ధంగా ఉంది. ఆ రెండూ ఇంకా ఎవరూ వాయించలేదు.