కుదిరిన డిస్కు

"డబ్బ తయారైందా కొడుకా?"

గుమ్మంలో బుచ్చవ్వ గొంతు వినగానే సదానందం చేతిలోని హార్డ్ డిస్కును గబుక్కున తువ్వాలు కింద దాచేశాడు. దొంగసొత్తేమీ కాదది. నిన్ననే రింగ్ రోడ్డులో కొన్నాడు, డబ్బాకు అచ్చంగా సరిపోయేదే. అయినా దాచాడు. తప్పు చేసినవాడి చేతులు అలాగే ఉంటాయి మరి.

"ఇంక కాలేదు చిన్నమ్మా. డిస్కులు కుదురుతలేవు," అన్నాడు తలెత్తకుండా.

"పోయినసారి గూడ గదే అంటివి."

"ఏ డిస్కు వడితె గా డిస్కు దాంట్ల నడువది. కంపెనీ చెప్పినయే వెట్టాలె. దుకాణంల భాయ్ ఒకటిస్తడు, డబ్బ ఒద్దంటది."

వలసొచ్చి డిండోలిలో స్థిరపడిన తెలుగువాళ్లింట పెళ్లంటే వీడియో సదానందమే తీయాలి. తీసినవన్నీ ఒకే పాత డిస్కులో ఉండేవి. అది పాడైతే ఎలాగని భయపడి, ఇంటి వైఫైకి తగిలించే ఈ నల్లటి డబ్బా కొన్నాడు. ఇందులో రెండు డిస్కులు పెడితే ఒకటి చెడినా రెండోదాంట్లో అన్నీ ఉంటాయట. ఏవి పనికొస్తాయో వెతికితే, కంపెనీవాళ్లు చెప్పినవాటిలో తన పాత డిస్కూ ఉంది. సంబరపడిపోయి దాన్నే ముందు దూర్చాడు. డబ్బా ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఇంగ్లీషులో ఏదడిగినా 'సరే' అని నొక్కేయడం అతని అలవాటు. అది అడిగింది, ఇందులో ఉన్నదంతా తుడిచేయనా అని! డిస్కు భేషుగ్గా కుదిరింది. పెళ్లిళ్లే పోయాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

మిగతావాళ్లెవరూ ఇంతవరకు అడగలేదు. అడుగుతున్నది బుచ్చవ్వ ఒక్కతే, కూతురు లత పెళ్లి గురించి.

"కూసో చిన్నమ్మా," అంటూ సదానందం భార్య కరుణ కుర్చీ జరిపింది. జరుపుతూ మొగుడి వంక ఒక చూపు చూసింది. చెప్పెయ్యరాదా అన్న చూపు. సదానందం దాన్ని చూడనట్టు నటించాడు.

"మీకు గప్పుడే పెన్‌డ్రైవ్ ఇచ్చిన గద చిన్నమ్మా, గదేమైంది?"

బుచ్చవ్వ కొంగు ముడిని గట్టిగా పట్టుకుని కిందికి చూసింది. పోగొట్టుకుని ఉంటుంది, పాపం చెప్పుకోలేకపోతోంది అనుకున్నాడు సదానందం.

"లత మంచిగున్నదా?" అంది కరుణ.

"ఉన్నది బిడ్డా. అల్లుడు భివండీల పనికి పోయిండు గద. అచ్చేదాంక మా ఇంట్లనే ఉంటది."

సదానందానికి ప్రాణం చివుక్కుమంది. మొగుడు దూరంగా ఉన్న పిల్ల పెళ్లి వీడియో చూసుకుందామనుకోవడం కూడా నేరమేనా? ఆ వీడియో కోసం డుమస్ బీచ్‌లో టమాటా భజియా, అదే బజ్జీలు తెప్పించి, ఒకరికొకరు తినిపించుకోండని తనే పురమాయించాడు. పెళ్లికొడుకు వినోద్ చెయ్యి చాపితే లత సిగ్గుతో మొహం తిప్పుకుని నవ్వేసింది. ఆ నవ్వును ఏ దుకాణంలో కొని తెస్తాడు?

"నీ దగ్గరైతె ఉన్నది గద?" బుచ్చవ్వ గొంతు తగ్గించింది. "లత పెండ్లిది. పక్కా ఉన్నదా?"

"ఉన్నది చిన్నమ్మా. భద్రంగ ఉన్నది."

ఆమె మొహం వాడిపోయింది. అబద్ధమని పసిగట్టేసిందనుకున్నాడు సదానందం. తల కొట్టేసినట్టయింది. బుచ్చవ్వ మెల్లగా లేచి గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయింది. "ఏం లేదు తియ్," అని మెట్లు దిగసాగింది.

కరుణ ఇక ఆగలేదు. "గా ముసల్దాన్ని ఇంకెన్నిసార్లు తిప్పుకుంటవ్? జరంత గూడ సిగ్గనిపిస్తలేదా?"

అనిపించకేం? ఇన్నాళ్లూ నోరు కట్టేసింది ఆ సిగ్గే. ఇప్పుడు మెట్ల మీదికి తోసిందీ ఆ సిగ్గే.

"చిన్నమ్మా, ఆగు!"

ఆమె సగం మెట్ల మీద ఆగింది.

"డిస్కు కుదరక కాదు. కుదిరింది. కుదిరినంక గా డబ్బ అంత తుడిచిపారేసింది. చదువకుండ నేనే సరే నొక్కిన. లత పెండ్లి లేదు. ఎవ్వలి పెండ్లి లేదు. నీ మొఖం చూసి చెప్పనీకి సిగ్గై గిన్ని దినాలు అబద్ధాలాడిన. కొట్టినా పడ్త."

బుచ్చవ్వ గోడ పట్టుకుంది. "ఒక్క బొమ్మ గూడ లేదా?"

"లేదు."

"బాగుచేసేటోళ్లు ఉంటరంట గద? మళ్ల తెస్తరేమో?"

"అందరిని అడిగిన చిన్నమ్మా. ఇగ రాదన్నరు."

"రేపు లతనే అచ్చి అడిగితె?"

"లేదనే చెప్త. కాళ్లు వట్టుకోని చెప్త."

బుచ్చవ్వ కళ్లలోంచి నీళ్లు జలజలా రాలాయి. సదానందం తల వంచుకుని నిలబడ్డాడు. తిట్టినా బాగుండును, శాపనార్థాలు పెట్టినా బాగుండును. ఆమె ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చింది. కొంగు ముడి విప్పి అతని అరచేతిలో ఏదో పెట్టింది. చూస్తే, పెళ్లికి అతను ఇచ్చిన పెన్‌డ్రైవే.

"అల్లుడు గాడ ఇంకోదాన్ని చేసుకున్నడు కొడుకా," అంది. "నా బిడ్డ పొద్దుమాపు గిదే చూసుకుంట ఏడుస్తున్నది. నేను పారేస్తె నీ దగ్గరికురికి ఇంకోటి తెచ్చుకుంటదని, నీ దగ్గరున్నది తీసెయ్యమని అడుగనీకె అచ్చిన. అచ్చినప్పుడల్ల సిగ్గై నోరు రాలె."

పెన్‌డ్రైవ్ మీద అతని వేళ్లను తనే మూసింది.

"గిదొక్కటే మిగిలింది. దీన్ని గూడ గా డబ్బల వెట్టి, సరే నొక్కు."