నిన్నటి ఒకటి

ఎనభైల నాటి మాట. మల్కాపురం దాటాక రేవు ఒడ్డున ఒక ధాన్యం గోదాము. రాత్రి డ్యూటీలో గురునాథరావుకి గోడే తోడు, కంప్యూటరే కాపురం. గోదాములోకి వెళ్ళేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ లెక్కపెట్టే ప్రోగ్రాం తనే రాసి, నిన్ననే ఎక్కించాడు. తెర మీద సున్నా ఉంటేనే తలుపు మూసి, పురుగులకు విషప్పొగ వదలాలి.

ఆ రాత్రి తెర మీద ఒకటి అంకె కనిపించింది.

"లోపల ఎవులూ నేరు బాబూ. మూలమూలా సూసినాను," అన్నాడు వాచ్‌మన్ వరహాలు.

గురునాథరావు నవ్వాడు. "తప్పు నాదేలే. ప్రోగ్రాం కంపైల్ చేసి సిద్ధం చేసినప్పుడు ఒక్కసారే లెక్క సున్నా పెట్టాను. నడిపిన ప్రతిసారీ మళ్ళీ పెట్టాలి. ఇది నిన్నటి మిగులు."

సున్నా పెట్టే వరుస ప్రోగ్రాంలో చేర్చి మళ్ళీ నడిపాడు. సున్నా వచ్చింది. వరహాలు ఇనుపతలుపు బిగించి, పొగ వదిలి వచ్చి, బీడీ ముట్టించాడు.

"మరైతే బాబూ, నిన్న ఎల్లినోడు ఎప్పుడొచ్చినాడేటి?"

గురునాథరావు వేళ్ళు ఆగిపోయాయి. ఆ మిగిలిన ఒకటంటే, నిన్న లోపలికి వెళ్ళినవాడొకడు బయటికి రాలేదు. పగలంతా అతని కోసం ఒక్కరూ అడగలేదు. ఈ ఊళ్ళో తను రాకపోయినా అంతే, ఎవరూ అడగరు.

దూరంగా ఓడ కూత ఆగింది. అప్పుడు ఇనుపతలుపును లోపలి నుంచి ఎవరో తట్టారు. తొందరేమీ లేదు. తెలిసినవాళ్ళింటికి వచ్చినట్టు, మెల్లగా.