కుంకుడుకాయల్లాంటి కంకర

దొంగతనానికి లోవరాజు మిట్టమధ్యాహ్నాన్ని ఎంచుకున్నాడు. ఆ వేళకి తాటిపాక రోడ్డు పనివాళ్లంతా భోజనాలకి వెళ్లిపోతారు.

పదకొండేళ్లు కువైట్‌లో వంటలు చేసి వచ్చిన అతణ్ణి మేనమామ గంగబాబు తన రోడ్డు పనికి సూపర్‌వైజరుగా పెట్టుకుని ఇంకా నెల కాలేదు. ఆ పొద్దున ఇంజినీరు గారు గంగబాబు కంకర గుట్టలోంచి బస్తాడు శాంపిలు తీయించి, లోపల చీటీ పెట్టించి, అమలాపురం ల్యాబులో ఇచ్చి రమ్మన్నారు.

"ఇది ఫెయిలైతే అరవై లారీల కంకరా వెనక్కెళ్లిపోద్దిరా," అన్నాడు గంగబాబు.

"ఆయ్, నేను చూసుకుంటాను మావయ్యా," అన్నాడే గానీ లోవరాజుకి ఆ కంకర మీద నమ్మకం లేదు. గుట్టలో నిమ్మకాయంత రాయి, శనగగింజంత రాయి, రవ్వ, పిండిలాంటి పొడి, అన్నీ కలగాపులగం. బియ్యంలో ఇన్ని నూకలుంటే తను పొయ్యి మీదికి ఎక్కించేవాడా? పక్కనే ఇంకో రోడ్డు పని చేస్తున్న కాంట్రాక్టరు కృష్ణమోహన్ గుట్ట చూస్తేనో, ప్రతి రాయీ కుంకుడుకాయంత. నలుసంత దుమ్ము లేదు. ఆయన శాంపిలు ఒక్కసారీ ఫెయిలవలేదని రాజోలంతా చెప్పుకుంటారు.

బస్తాలోది కాలవగట్టున పారబోసి, కృష్ణమోహన్ గుట్టలోంచి గబగబా నింపి, చీటీ మళ్లీ లోపల పెట్టి, మోటారు సైకిలు మీద అమలాపురం చేరాడు.

ల్యాబులో మరియమ్మ గారు ఆ రాళ్లని ఒకదానిమీద ఒకటి పేర్చిన జల్లెళ్లలో పోసి ఊపించారు. అన్నీ ఒకే జల్లెడలో ఆగిపోయాయి. కింద జల్లెళ్లన్నీ ఖాళీ.

"ఫెయిలండీ," అన్నారావిడ.

"అదేంటండీ, అన్నీ ఒకే సైజులో అంత ముచ్చటగా ఉంటేనూ?"

"అదేనండీ తప్పు. పెద్దరాళ్ల సందుల్లో చిన్నరాళ్లు, వాటి సందుల్లో పొడి పట్టాలి. లేపోతే మధ్యలో బొక్కలే మిగుల్తాయండి. కృష్ణమోహన్ గారి కంకర చూసి నేర్చుకోండి. పెద్దా, చిన్నా, పొడీ ఎంత పాళంగా పంపిస్తారో."

ఆయన గుట్టలోదే తెచ్చానని లోవరాజు ఎలా చెప్తాడు?

మావయ్యకి ఏం చెప్పాలో తోచక, సాయంత్రానికి తమ గుట్ట దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. కృష్ణమోహన్ సూపర్‌వైజరు ఇస్సాకు అక్కడ వంగి, పారతో బస్తా నింపుకుంటున్నాడు.

"ఏంటండీ ఈ పని?" అన్నాడు లోవరాజు.

ఇస్సాకు తడబడలేదు. నడుం నిమురుకుంటూ లేచి, "ఏమీ అనుకోకండి లోవరాజు గారూ, రేపు మా శాంపిలండి. మా కంకర నెగ్గదని మొదట్నించీ మీ గుట్టలోదే పట్టికెళ్తన్నామండి," అన్నాడు.