మామగారి పంచె

"ఆ నల్లద్దం వాడికిచ్చేసి లోపలికి నడు," అంది శేషారత్నం, వీధి వీధంతా వినేట్టు.

కోడలు లీలాకుమారి గుమ్మంలోంచి కదల్లేదు. ఒక చెయ్యి ఏడో నెల కడుపు మీద ఉంది. ఇంకో చేతిలో వెల్డింగ్ అద్దం ఉంది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో వెల్డరుగా చేసే మొగుడు తాతారావు దాన్ని ఆమె కోసమే అడిగి తెచ్చాడు.

"ఒక్క నిమిషం అత్తయ్యా. ఒక్కసారి చూసి వచ్చేస్తాను. ఇంత పెద్ద సూర్యగ్రహణం మన బతుకులో మళ్ళీ సికింద్రాబాదుకి రాదట. పేపర్లో రాశారు."

"పేపరోడు వచ్చి పురుడు పోస్తాడా? బిడ్డ గ్రహణం మొర్రితో పుడితే ఆ మాట కూడా రాస్తాడా?"

"అదంతా ఉత్తదేనమ్మా..." తాతారావు నసిగాడు.

"నువ్వు నోర్ముయ్యరా! మోసేది నువ్వా, అదా?"

లీల మొగుడి వంక చూసింది. తాతారావు తన చెప్పుల వంక చూసుకున్నాడు. గ్రహాలు, తోకచుక్కలు అంటూ పేపర్లో పడ్డ ప్రతి ముక్కా కత్తిరించి, మైదా ఉడకేసి నోటుబుక్కులో అంటించుకునే మనిషి లీల. 1980 ఫిబ్రవరి పదహారు కోసం ఆరు నెలల్నుంచీ రోజులు లెక్కపెట్టుకుంటోంది. అద్దం మొగుడి చేతిలో పెట్టి లోపలికి నడిచింది.

ముందుగది మంచం మీద కూర్చోబోతే అత్తగారు ఒప్పుకోలేదు.

"ఇక్కడ కాదు. వెనక సామాన్ల గదిలోకి పద."

"అక్కడ ఊపిరాడదు అత్తయ్యా."

"రెండు గంటలకే ఎవరూ చావరు."

ఆ గదికి ఒకటే కిటికీ. శేషారత్నం దానికి గోనెసంచి కొట్టించింది. తలుపు కింద సందులో పాత చీర కుక్కింది. ఊరగాయ జాడీల మీద దర్భలు పెట్టింది. ఆ తర్వాత, పోయిన మొగుడి తెల్లపంచె ఒకటి ట్రంకుపెట్టెలోంచి తీసి, అక్కడున్న మంచం పక్క గోడకి పైనుంచి కిందికి వేలాడగట్టమంది కొడుకుని.

"గోడకి పంచెందుకమ్మా?"

"సున్నం రాలుతోంది. ఈ పూట అది కడుపుతో ఉన్నదాని మీద పడకూడదు."

"ఇదెక్కడి శాస్త్రమే?"

"కట్టరా ముందు!"

తొందర్లో ఎట్లాగో కట్టేసి బయటపడ్డాడు. తలుపు మూసుకుంది. శేషారత్నం కూడా లోపలే పీట వేసుకుని, కళ్ళు మూసుకుని జపం మొదలెట్టింది. జపానికి జపం, కాపలాకి కాపలా.

బయట వీధిలో నరపురుగు లేదు. కాలేజీలు చదివి కుర్చీల్లో కూర్చునే పెద్దమనుషులంతా సెలవు పెట్టి మరీ తలుపులు బిడాయించుకున్నారు. పదో క్లాసు తప్పిన వెల్డరు తాతారావు, పక్క క్వార్టరు సామ్యూల్, ఇద్దరే ఆకాశం కింద నిలబడ్డారు.

"మొదలైంది! మొదలైంది!" తాతారావు గొంతు.

"అన్నా, జెర నాకు సుత ఇయ్యరాదే! అబ్బ... రొట్టె కొరికినట్టే ఉన్నది గదన్నా!"

చీకట్లో లీలకి ఏడుపొచ్చింది. అత్తగారికి కనపడకుండా గోడ వైపు తిరిగి పడుకుంది.

పంచె మీద వెలుగు బిళ్ళ ఒకటి ఉంది. రూపాయంత. పూర్తి గుండ్రం కాదు. ఓ పక్క కొరికినట్టుంది.

లీల తలెత్తి చూసింది. పైకప్పు రేకులో పాత మేకు బెజ్జం. అందులోంచి సన్నటి వెలుగు ఏటవాలుగా దిగుతోంది. వట్టి వెలుగు కాదది. సూర్యుడే. పదిహేను కోట్ల కిలోమీటర్లు నడిచొచ్చి, మేకు బెజ్జంలో దూరి, రైల్వే క్వార్టర్లో ఊరగాయ జాడీల వెనక, మామగారి పంచె మీద వాలాడు. గది ఇంత చీకటి కాకపోతే కంటికి ఆనేవాడే కాదు.

ఊపిరి బిగబట్టి చూసింది. కాటు పెద్దదవుతోంది. బిళ్ళ మెల్లగా పైకి కూడా పాకుతోంది. సూర్యుడు కదలడు, తిరిగేది మనమే అని నోటుబుక్కులో అంటించుకుంది. ఇప్పుడు ఆ తిరగడం జానెడు దూరంలో, కళ్ళ ముందు జరుగుతోంది. భూమి కదలడం చూసినవాళ్ళు ఈ వీధిలో ఇంకెవరున్నారు?

భయంగా అత్తగారి వంక చూసింది. కళ్ళు మూసే ఉన్నాయి. తెరిచిందా, అయిపోయినట్టే. ఆ బెజ్జంలో ఓ గుడ్డపేలిక కుక్కేస్తుంది.

"అన్నా, గోరంతే మిగిలింది! పిట్టలు సుత గూళ్ళకు పోతున్నయ్! ఇగ నాకియ్యి!"

"ఇప్పుడేగా చూశావ్, ఆగవయ్యా!"

సరిగ్గా అప్పుడే బిళ్ళ పంచె మడత మీదికి ఎక్కింది. నెలవంకలా అయిన సూర్యుడు నడిమికి విరిగి రెండు ముక్కలయ్యాడు. లీల చెయ్యి చాచింది. మంచం కిర్రుమంది. చటుక్కున వెనక్కి తీసుకుంది. ఇంకొక్క నిమిషం పోతే సూర్యుడు మళ్ళీ పెరగడం మొదలెడతాడు. ఆ తర్వాత ఈ జన్మకి లేదు.

జపం ఆగింది.

లీల కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఆ పంచె కింది కొస పట్టి లాగవే, మడత పోద్ది," అంది శేషారత్నం, బయటికి వినపడకుండా. "నీ మొగుడు కడుపులో ఉన్నప్పుడు మా అత్త గ్రహణమని నన్ను ఇట్లాగే గదిలో పెడితే, ఇదే పంచె ఒక్క ముడత లేకుండా కట్టుకున్నాను నేను."