ఒక్క నిమిషం ఆగమ్మా

వాషింగ్ మెషిన్ గుర్రుమని ఒకసారి మూలిగి ఆగిపోయింది.

హసీనా పరుగున వచ్చి తలుపు లాగింది. అది రాలేదు.

అద్దం తలుపు వెనక నీళ్లు అలాగే నిలిచి ఉన్నాయి. ఆ నీళ్లలోకి ఎరుపు దిగుతోంది.

లోపల ఉన్నది మామూలు దుప్పటి కాదు. మామగారు జలాలుద్దీన్ స్వయంగా అద్దిన కలంకారీ దుప్పటి. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన మళ్లీ అచ్చు పట్టుకోలేదు. అదే ఆఖరిది. పెడనలో ఎవరెంత బతిమాలినా అమ్మలేదు. పారే కాలవలో తప్ప ఇంకెక్కడా తడపనిచ్చేవాడు కాదు.

గుడివాడ నుంచి కోడలిగా వచ్చి ఏడాది తిరగని హసీనాకు ఆ సంగతి బాగా తెలుసు. తెలిసే మెషిన్లో వేసింది. దాని మీద టీ ఒలకబోసింది తనే మరి. భర్త సాజిద్ మామగారిని బందరు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. వాళ్లు తిరిగొచ్చేలోపు మరక వదిలించి ఆరేసేద్దామని అతితెలివికి పోయింది.

మెషిన్ పక్కన అంటించిన మెకానిక్ నంబరు సబ్బునీళ్లకు సగం చెరిగిపోయింది. కళ్లు చికిలించి చదివి ఫోన్ చేసింది.

ఎవరో మగమనిషి ఎత్తాడు. ఆయన నోరు తెరిచేలోపే ఈమె మొదలుపెట్టింది. టీ మరక, ఎర్రనీళ్లు, రాని తలుపు, మామగారి చేతులు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పి ఏడ్చేసింది.

"అమ్మా, నేను..." అన్నాడాయన.

"రేపొస్తాననకండి అన్నయ్యా. రేపటికి అది తెల్లగుడ్డయి కూర్చుంటుంది. మా మామయ్య ఇంకోటి అద్దలేడు."

మెషిన్ ఏ కంపెనీదని ఆయన అడిగాడు. చెప్పింది. అయితే ఫరవాలేదన్నాడు. ముందు స్విచ్ ఆపి ప్లగ్గు పీకమన్నాడు. పీకింది.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"ఒక్క నిమిషం ఆగమ్మా."

ఆ నిమిషం ఎంతకీ అవలేదు. ఫోన్లో ఏదో జరుపుతున్న చప్పుడు, ఏదో కింద పడ్డ చప్పుడు, మధ్యలో ఒక ఆడమనిషి కేకలు. ఇంకెవరింట్లోనో పని చేసుకుంటూ తనకు తీరిగ్గా సమాధానం చెబుతున్నాడని హసీనాకు ఒళ్లు మండింది.

కింద కుడివైపు చిన్న మూత ఉంటుంది, తియ్యమన్నాడు. లోపల సన్నటి గొట్టం ఉంటుంది, కింద పళ్లెం పెట్టి దాని బిరడా లాగమన్నాడు. నీళ్లు వచ్చాయి. పళ్లెం తర్వాత పళ్లెం ఎర్రనీళ్లు పారబోస్తుంటే ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు. పక్కనున్న గుండ్రటి మూత ఎటు తిప్పాలని అడిగితే మళ్లీ ఒక్క నిమిషం. ఆనక ఎడమవైపుకన్నాడు. తిప్పితే నూలుపోగుల ఉండ ఒకటి, దానికి గుచ్చుకుని ఒక పిన్నీసు బయటపడ్డాయి. నీళ్లు పోనివ్వకుండా అడ్డుపడింది అదే.

తలుపు మాత్రం రాలేదు.

"ఇంత నిదానమైతే ఎలాగండీ? పని తెలీకపోతే తెలీదని చెప్పండి. ఇంకొకళ్లని పిలుచుకుంటాను," అంది హసీనా.

ఆయన కోపం తెచ్చుకోలేదు.

"ఆ మూత పక్కనే లోపలికి ప్లాస్టిక్ తాడులాంటిది ఉంటుంది చూడమ్మా. దాన్ని లాగితే తలుపు రావాలి. ఇప్పుడే లాగకు. ఒక్క నిమిషం."

ఈసారి మరీ ఆలస్యమైంది. అవతల ఠప్పుమని ఏదో చప్పుడు వినిపించింది.

"గట్టిగా లాగకమ్మా, తెగిపోద్ది," అన్నాడు గొంతు తగ్గించి. "రెండు వేళ్లతో పట్టుకుని, మెల్లగా కిందికి."

మెల్లగా లాగింది. తలుపు తెరుచుకుంది.

దుప్పటి బయటికి లాగి పరిచి చూసింది. ఒక అంచున ఎరుపు కాస్త వెలిసింది. పూలతీగలు, నెమళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ సంతోషంలో ఫోన్ ఎప్పుడు పెట్టేసిందో ఆమెకే తెలియదు.

సాయంత్రం ఇంటికొచ్చిన జలాలుద్దీన్ ఆ అంచు తడిమి చూడగానే కనిపెట్టేశాడు. దాచి లాభం లేక హసీనా అంతా చెప్పేసింది. ఆయన తిట్టలేదు. మొహం కూడా చూడని మనిషి కోసం అంతసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నాడంటే వాడు మంచి పనివాడమ్మా అన్నాడు. అతనికి ఒక మంచిమాటైనా చెప్పావా అని అడిగాడు.

చెప్పలేదు. పైగా తిట్టింది.

మర్నాడు పొద్దున్నే అదే నంబరుకు చేసింది. ఎవరో ఆవిడ ఎత్తింది. మెకానిక్ గారికి ఒకసారి ఇవ్వమంది హసీనా.

"మా ఇంట్లో మెకానిక్ ఎవరున్నారమ్మా? ఇది నాగాయలంక. మా ఆయన ఏలీయా గారు బస్సు కండక్టరు. డ్యూటీకెళ్లారు," అందావిడ. అంతలోనే ఏదో తట్టి, "నిన్న ఏడ్చిన అమ్మాయివి నువ్వేనా?" అని అడిగింది.

హసీనా ఊఁ అంది.

ఆవిడ గొంతులో విసుగుంది గానీ కోపం లేదు. మెషిన్ల గురించి ఆయనకు ఓనమాలు రావంది. రాంగ్ నంబరని చెప్పి పెట్టేయమని తను ఎంత అరిచినా వినలేదట. రెండిళ్లలోనూ ఒకటే రకం మెషిన్ అని తెలిశాక, తిరుగుతున్న తమ మెషిన్ని ఆపేసి, దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక్కోటీ విప్పి చూసి చెప్పాడట. ఇల్లంతా నీళ్లేనంది. ఖాకీ జత అందులోనే ఇరుక్కుంటే ఇవాళ మాసినదే వేసుకుని వెళ్లాడంది.

"మరి మీ మెషిన్ తలుపు రాలేదా అండీ?"

"ఎలా వస్తుందమ్మా? ఎంత బలంగా లాగితే తెగుద్దో నీకు చెప్పాలని, ముందు మా మెషిన్ తాడు లాగి చూశారు."