వారానికో గంట

కంటి ఆపరేషన్ తర్వాత భర్త కారు నడపడం మానేశాడు. నడపడం వచ్చిన భార్యకు తాళం ఇవ్వలేదు. మూడు నెలలుగా ఆమె గేటు దాటలేదు. ఆదివారాలు మాత్రం, మూసిన గేటు లోపలే, ఆమె చేత పది నిమిషాలు ఇంజిన్ ఆన్ చేయించేవాడు.

ఇంటికి వచ్చిన మెకానిక్ ఆయిల్ మూత తిప్పి చూపించాడు. లోపల మీగడలా తెల్లగా పేరుకుంది.

“తేమ సార్. ఇలా నిలబెట్టి ఆన్ చేస్తే ఇంజిన్ ఎక్కువ కాలం ఉండదు. వారానికో గంట రోడ్డెక్కాలి.”

“నాకు ఎండా దుమ్మూ పడవు. ఈవిడ ఒక్కతే గంటసేపు ఎక్కడ తిరుగుతుంది?”

“ఎక్కడ తిరిగినా ఇంజిన్‌కి ఒకటే సార్. మధ్యలో ఫోన్ చేసి ఆపించకండి, అంతే.”

భర్త ఆ మూతకేసి మరోసారి చూసి, తాళం ఆమెకిచ్చి లోపలికి వెళ్లాడు.

“నిజంగా గంట కావాలా అన్నా?” అని ఆమె మెల్లగా అడిగింది.

మెకానిక్ తలెత్తకుండా మూత బిగించాడు.

“ఇంజిన్‌కి అరగంట చాలమ్మా.”