నాలుగో గడి

"ఏవండీ, కూర్చోండి," అంది ఇంటావిడ.

ఆఫీసరు గుమ్మంలోనే ఆగిపోయాడు. "సార్ అనండమ్మా. ఏవండీ ఏంటి? వినేవాళ్లు ఏమనుకుంటారు?"

"అలవాటులో వచ్చేసింది సార్," అంటూ ఆవిడ నాలుక కరుచుకుంది.

వెనకాల అసిస్టెంటు నవ్వు ఆపుకుంది. మెట్లెక్కేటప్పుడు తన మోచెయ్యి పట్టుకోవడం తప్ప ఈమెకి వేరే పని రాదని ఆఫీసరు అభిప్రాయం. ప్రమోషన్ కోసం కాకా పట్టడం ఇన్ని రకాలుగా ఉంటుందని ఆయనకి ఈమధ్యే తెలిసింది.

సాయం కావలసిన పెద్దవాళ్ల ఇళ్లకి వెళ్లి, ఎవరికి ఏం కావాలో ఫారంలో రాసుకురావడం ఆయన పని. శాఖ దగ్గర ఉన్నవి మూడే: నర్సు, చేతికర్ర, ఆశ్రమం. మాట్లాడటానికి మనిషి కావాలని ఒకావిడ అడిగితే చేతికర్ర పంపి, కృతజ్ఞతాపత్రం రాయించుకున్న శాఖ అది. అందుకే ఆయన పట్టుబట్టి ఫారంలో 'ఫలితం' అని నాలుగో గడి పెట్టించాడు. 'మీ బతుకు ఎలా ఉండాలనుకుంటున్నారు?' పైవాళ్లు దాన్ని చూసి, పాముని చూసినట్టు ఉలిక్కిపడ్డారు.

ఈ ఇంటి ఫారంలో ఆ గడి ఎన్నాళ్లుగానో ఖాళీ.

ఆయన కుర్చీలో చేరగిలబడ్డాడు. కుర్చీ మాత్రం తన నడుముకి కొలిచి చేసినట్టుంది. అడగకుండానే చక్కెర లేని టీ వచ్చింది. ముప్పయ్యేళ్లు చెప్పినా ఆఫీసు బంట్రోతు బుర్రకెక్కని సంగతి ఈవిడకి ఎలా తెలిసిందో!

"గుమ్మం దగ్గర మగవాళ్ల చెప్పులున్నాయే. మీ ఆయన ఇంట్లోనే ఉన్నారా?"

"లేరు సార్. డ్యూటీకి వెళ్లారు."

"ఈ వయసులో డ్యూటీయా? రిటైరవ్వలేదా?"

"అయ్యారు. చెబితే వినరు."

"కొంతమంది అంతేనమ్మా. తాము లేకపోతే ఆఫీసు కూలిపోతుందనుకుంటారు," అని ఆఫీసరు జాలిపడ్డాడు.

అసిస్టెంటు దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "సార్, గడువు ఇవాళ్టితో సరి. ఈ ఇంటి ఫైల్లో ఫలితం కనిపించకపోతే పైవాళ్లు ఆశ్రమం అని రాసేస్తారు."

ఇంటావిడ టీ పళ్లెంతోనే ఆఫీసరు కుర్చీ పక్కకి జరిగింది.

"రాస్తారు, వాళ్ల సొమ్మేం పోయింది! నేనుండగా ఈ ఇంట్లోంచి ఎవరూ ఎక్కడికీ వెళ్లరు. చెప్పండమ్మా, మీకేం కావాలి?"

"రేపు కూడా పదింటికి మీరు రావాలి సార్."

ఆయన తల పట్టుకున్నాడు. "రావడం సేవ. నేనడిగేది ఫలితం. నేనొస్తే మీకేం ఒరుగుతుంది?"

ఆవిడ పళ్లెం బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"మీరొస్తే ఒకరు నన్ను 'నీకేం కావాలి' అని అడుగుతారు సార్. పెళ్లయిన నలభయ్యేళ్లలో ఎవరూ అడగలేదు."

"మీ ఆయన?"

"ఊళ్లో అందర్నీ అడిగేవారు. ఇంటికొచ్చేసరికి అలిసిపోయేవారు."

ఆఫీసరుకి ఒళ్లు మండింది. ఇంట్లో మనిషిని పట్టించుకోనివాడు బయట ఏం ఉద్ధరిస్తున్నట్టు? "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత! అలాంటి మనిషితో ఎలా వేగుతున్నారమ్మా?"

"ఈమధ్య మారారు సార్," అంది ఆవిడ. నవ్వబోయింది గానీ కళ్లు తడిశాయి.

ఆయన చూపు తిప్పుకుని కలం తీశాడు. నాలుగో గడిలో గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'నాకేం కావాలో రోజూ ఒకరు నన్ను అడగాలి.' రాసి రెండుసార్లు చదువుకున్నాడు. ముప్పయ్యేళ్ల సర్వీసులో ఇంత మంచి ఫలితం ఆయన చేతి మీదుగా రాలేదు. దీనికి కూడా శాఖ చేతికర్రే పంపుతుందేమో, అది వేరే విషయం.

"మీ ఆయన వచ్చాక చెప్పండి, ఆఫీసరుగారు నాలుగు చీవాట్లు పెట్టి వెళ్లారని."

"చెబుతాను సార్. భోజనానికి వచ్చేస్తారు."

ఆయన లేచి అసిస్టెంటుకేసి తిరిగాడు. "తర్వాత ఏ ఇల్లు?"

"ఇవాళ్టికి ఇదొక్కటే సార్. వీధి చివరిదాకా నడిచొద్దాం."

"రోజుకి ఒక్క ఇల్లా? శాఖ బాగుపడినట్టే!"

ఆయన గుమ్మం బయట బూట్ల లేసులతో కుస్తీ పడుతుంటే, అసిస్టెంటు సంచిలోంచి తన రిజిస్టరు తీసి ఆవిడ ముందు పెట్టింది. అందులోనూ నాలుగో గడి ఉంది. 'రోజూ పదింటికి డ్యూటీకి వెళ్లాలి' అని అవే గుండ్రటి అక్షరాలతో ఎప్పుడో రాసి ఉన్న వాక్యం పక్కన అసిస్టెంటు ఇవాళ్టి తేదీ వేసి, 'నెరవేరుతోంది, ఆశ్రమం అక్కర్లేదు' అని రాసింది.

"ఇక్కడ సంతకం పెట్టండి."

ఆవిడ సంతకం పెట్టింది.

పక్కనే 'సంబంధం' అన్నచోట 'భార్య' అని రాసింది.